63 గుర్రాలు, 130 గుర్రాలు, ఒక స్పీడ్ బ్రేకర్

మన దగ్గర జీపు ఇంజన్ గురించి సాధికారంగా మాట్లాడాలంటే రెండు అర్హతలుండాలి. ఒకటి, సొంతానికో జీపుండాలి. రెండు, దాన్ని జన్మలో బురదలోకి దించి ఉండకూడదు. ఈ రెండూ ఉన్నవాళ్లకు హైదరాబాద్‌లో కొదవ లేదు, విశాఖలో అసలే లేదు. ఆదివారం పొద్దున్నే ఏ టిఫిన్ సెంటర్ ముందు నాలుగు మహీంద్రా థార్‌లు వరసగా కనిపిస్తాయో అక్కడికి వెళ్లి, ప్లేటు చేత్తో పట్టుకుని, ఎవరినీ ఉద్దేశించనట్టు ఒక్క ముక్క వదలండి: "ఏమైనా పాత డీఐ ఇంజనే ఇంజనండీ!" అంతే. పెసరట్టు చల్లారిపోతుంది, చట్నీ ఎండిపోతుంది, వాదన మాత్రం బిర్యానీ వేళకు కూడా తెగదు.

ఒకవైపు పాతవాళ్లు. వీళ్ల బండి 63 హార్స్‌పవర్. ఇంకోవైపు కొత్తవాళ్లు. వీళ్లది 130. మధ్యలో 67 గుర్రాల తేడా. ఆ పొద్దున ఇద్దరూ ఎక్కి దిగిన ఎత్తు మాత్రం ఒకటే, కాలనీ మలుపులోని స్పీడ్ బ్రేకర్.

వయసుకు మర్యాద ఇచ్చి పాతవాళ్లతోనే మొదలుపెడదాం. "అప్పటి ఇనుమే వేరండీ. మన దేశపు ఇంజన్, మన కొండల కోసం పుట్టింది" అంటారు. పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే నొచ్చుకుంటారు గానీ, తవ్వక తప్పదు. 1940ల చివర్లో మహీంద్రా వారు అమెరికా విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. అది పెట్రోలు బండి. తర్వాత డీజిల్ ఇంజన్ కావలసి వచ్చినప్పుడు కొండల వైపు ఎవరూ చూడలేదు, ట్రాక్టర్ల షెడ్డు వైపు చూశారు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ బి-275 ట్రాక్టర్ వంశం నుంచి ఎండీ 2350 అనే ఇంజన్ వచ్చి జీపు బానెట్ కింద కూర్చుంది. ఆ తర్వాత ఫ్రాన్స్ నుంచి ప్యూజో ఇంజన్లు దిగాయి. ఎంఎం 540లో 2112 సీసీది, ఎంఎం 550 ఎక్స్‌డీలో 2498 సీసీ ఎక్స్‌డీ3పీ. ఆ 2112 సీసీ కుటుంబమే అక్కడ ప్యూజో 504 అనే సంసారపక్షపు కారును లాగింది. అంటే మనవాళ్లు మీసం మెలేసి చెప్పే కొండ ఇంజన్ పూర్వాశ్రమంలో ఫ్రెంచి గుమాస్తాను ఆఫీసులో దింపి, వస్తూ వస్తూ కూరగాయలు తెచ్చేది.

అమెరికా ఒళ్లు, ట్రాక్టర్ గుండె, ఫ్రెంచి ఊపిరి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పనికొచ్చింది ఎక్కడున్నా తెచ్చుకోవడమే ఇంజనీరింగ్. కానీ దాన్ని "అచ్చ దేశీ" అని ఊగిపోతూ చెప్పినప్పుడే కాస్త నవ్వొస్తుంది.

ఇక అసలు దేవుడు డీఐ. డైరెక్ట్ ఇంజెక్షన్. కమాండర్ జీపుల్లో, బొలెరోల్లో, 2010లో వచ్చిన మొదటి థార్ చౌక రకంలో కూడా ఇదే. పేరు ఎండీఐ 3200 అని ఉండేసరికి, అది 3200 సీసీ ఇంజన్ అని పందెం కాసి ఓడిపోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఉన్నది 2523 సీసీ. దాని 63 గుర్రాలూ బయటికొచ్చేది 3200 ఆర్‌పీఎం దగ్గర. రెండున్నర లీటర్ల ఇంజన్ నుంచి 63 గుర్రాలంటే, మిగతా గుర్రాలు చప్పుడు చేసే పనిలో ఉన్నాయన్నమాట. ఆ చప్పుడునే వీళ్లు "క్యారెక్టర్" అంటారు. గంటకు 80 దాటాక ఆ క్యారెక్టర్ స్టీరింగ్ నుంచి ముంజేతికి, ముంజేతి నుంచి దవడకు పాకుతుంది. అప్పుడు పక్కసీట్లో ఉన్న ఇల్లాలు ఏదో అంటుంది. అది వినబడదు. వినబడకపోవడం కూడా పాత ఇంజన్ సుగుణాల్లో ఒకటిగా కొందరు లెక్కేస్తారు.

పాతవాళ్ల బ్రహ్మాస్త్రం ఒకటుంది. "లో ఎండ్ టార్క్ సార్! కొత్తదానికి అది లేదు." విన్నవాళ్లు తలూపుతారు, ఎందుకంటే న్యూటన్ మీటరంటే ఏమిటో అడగడానికి మొహమాటం. లెక్క ఇదీ: పాత డీఐ థార్ టార్క్ 1500 ఆర్‌పీఎం దగ్గర 180 న్యూటన్ మీటర్లకు కాస్త పైన. 2020 థార్‌లోని 2.2 లీటర్ల ఎంహాక్ డీజిల్ 1600 దగ్గరే 300 అందుకుంటుంది. మీరు కొండాడే ఆ అడుగు మెట్టు మీద కూడా కొత్తదే బలమైనది. టర్బో ఊపందుకునే లోపు, బాగా తక్కువ వేగంలో, పాతది సాఫీగా పాకుతుందనే మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆ తేడా తెలియాలంటే బండి రాళ్ల మీద పాకాలి. పార్కింగ్‌లో రివర్స్ తీసేటప్పుడు తెలియదు.

ఈ గొడవలోకి ఎవరూ పిలవని మధ్య బిడ్డ ఒకటుంది. 2010లోనే డీఐతోపాటు వచ్చిన 2.5 లీటర్ల కామన్ రైల్ ఇంజన్, సీఆర్‌డీఈ. 105 హార్స్‌పవర్, 247 న్యూటన్ మీటర్లు, నాలుగు చక్రాలకూ శక్తి. పదేళ్లు బుద్ధిగా పనిచేసింది. పాతవాళ్లకు అందులో కంప్యూటర్ ఎక్కువ, కొత్తవాళ్లకు అందులో సౌకర్యం తక్కువ. రెండు వైపులా చుట్టరికం ఉన్నవాడికి రెండు పెళ్లిళ్లలోనూ భోజనం దొరకనట్టు, దాన్ని ఎవరూ తలుచుకోరు.

పొగ మాట ఎత్తకపోతే పాపం. డీఐ జీపు ఎత్తు ఎక్కుతుంటే వెనక నుంచి వచ్చే నల్లటి పొగను చూసి మనవాళ్లు "చూశారా పవర్!" అంటారు. ఆ నల్లదనం సగం కాలిన డీజిల్. మీరు డబ్బిచ్చి కొన్న ఇంధనమే, బండిని లాగకుండా వెనకొచ్చే స్కూటరతని ఊపిరితిత్తుల్లోకి వెళుతోంది. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లోనే తేల్చి, మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గం అది. గుండె ఉన్న ఇంజన్ అని మీరంటున్నారు, సరే. ఊపిరితిత్తులు మాత్రం మావి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పాత ఇంజన్‌కు ఒక గొప్ప గుణముంది, దానికి నేనూ దండం పెడతాను. అది మనిషిని నమ్ముతుంది. ఒకసారి డీజిల్ పూర్తిగా అయిపోయి ఆగిపోయిన డీఐ జీపును చూడండి. క్యాన్‌తో డీజిల్ తెచ్చి పోసినంత మాత్రాన కదలదు, లైన్లో గాలి పట్టి ఉంటుంది. డ్రైవర్ బానెట్ ఎత్తి, ఫిల్టర్ మీది బోల్టును స్పానర్‌తో రెండు చుట్లు వదులు చేస్తాడు. ఇంకో చేత్తో ఫీడ్ పంపు మీటను ఆడిస్తూ ఉంటాడు. బోల్టు సందులోంచి మొదట గాలి ఉస్సుమంటుంది. తర్వాత నురగ. తర్వాత బుడగలు, పెద్దవి, చిన్నవి, ఒక్కొక్కటి. చివరికి బుడగ లేని డీజిల్ ధారగా ఇంజన్ మీదికి కారుతుంది. అప్పుడు బోల్టు బిగించి సెల్ఫ్ కొడతాడు. రెండు దగ్గులు, ఒక తుమ్ము, బండి స్టార్ట్. చదువు అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు. ఆ పూట అన్నం ముద్దలో డీజిల్ వాసన వస్తుంది, అంతే ఖర్చు. ఆపడం కూడా అలాగే. చాలా పాత డీజిల్ జీపులు తాళం తిప్పితే ఆగవు. డాష్‌బోర్డు కింద ఒక నాబ్ ఉంటుంది, దాన్ని లాగి పట్టుకుంటే పంపు నుంచి వచ్చే డీజిల్ ఆగి, ఇంజన్ అయిష్టంగా ఊగి ఊగి చస్తుంది.

కొత్తది మనిషిని నమ్మదు. నమ్మకపోవడానికి కారణముంది. కామన్ రైల్ ఇంజన్‌లో డీజిల్‌ను 1,600 బార్‌లకు పైబడిన ఒత్తిడితో నొక్కి, వెంట్రుకవాసి రంధ్రాల్లోంచి, సెకనులో అతి చిన్న భాగాన్ని లెక్కగట్టి చిమ్ముతారు. అందుకే అంత బలం, అంత తక్కువ పొగ. అందుకే కల్తీ డీజిల్ పడినా, నీటి చుక్క కలిసినా దానికి ప్రాణసంకటం. స్పానర్‌తో పైపు వదులు చేద్దామని ఉబలాటపడితే ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరుతుంది, ఆస్పత్రి పాలే. కాబట్టి కొత్త బండికి ఒంట్లో బాగాలేకపోతే ఒక పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. ఇంజన్ బొమ్మ. దాని భావమేమిటో యజమానికి తెలియదు, వీధి మెకానిక్‌కు తెలియదు. సర్వీస్ సెంటర్‌లో ల్యాప్‌టాప్ తగిలిస్తే దానికి తెలుస్తుంది. అంతవరకూ బండి కుంటుతుంది. 130 గుర్రాలూ లాయంలోనే ఉంటాయి, మీకు మాత్రం రెండు గాడిదలు దొరుకుతాయి.

కొత్తవాళ్ల ముఖాల్లో మెరుపు చూశాక ఇంకో సంగతి చెప్పాలనిపిస్తోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. డీజిల్‌లో గంధకం పదిలక్షల భాగాలకు 50 నుంచి 10కి తగ్గింది. ఆ శుభ్రమైన డీజిల్ ఉంటేనే పనిచేసే మసి వడపోత ఒకటి పొగగొట్టంలో చేరింది, దాని పేరు డీపీఎఫ్. అది మసిని పట్టి దాచుకుంటుంది. నిండాక సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చి బూడిద చేసుకుంటుంది. అంత వేడి రావాలంటే బండి ఆగకుండా కొంతసేపు ఒకే ఊపులో పరుగెత్తాలి. మాదాపూర్ ట్రాఫిక్‌లో ఆ ఊపు ఎక్కడిది? ఆఫీసుకు ఆరు కిలోమీటర్లు, నలభై నిమిషాలు, అందులో సగం నిలబడే. వడపోత నిండిపోయి దీపం వెలుగుతుంది. అప్పుడు సర్వీస్ సెంటర్ అబ్బాయి ఫోన్‌లో మర్యాదగా చెబుతాడు: "సార్, ఒకసారి ఔటర్ రింగ్ రోడ్ మీద తిప్పి రండి సార్."

చూశారా లీల! అడవుల కోసం, రాళ్ల కోసం, నదులు దాటడం కోసం చేసిన బండి. దాని ఆరోగ్యం కోసం 158 కిలోమీటర్ల సిమెంటు, తారు వలయం చుట్టూ టోల్ కట్టి ప్రదక్షిణ చేయాలి.

నదులంటే గుర్తొచ్చింది. కొత్త థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో దిగి నడుస్తుందని కంపెనీ కాగితం మీద ఉంటుంది. దాన్ని కొత్తవాళ్లు మంత్రంలా చదువుతారు. ఆ బండి 2020 అక్టోబర్ 2న మార్కెట్లోకి వచ్చింది. సరిగ్గా పదకొండు రోజులకు, అక్టోబర్ 13న, హైదరాబాద్ మీద ఆకాశం విరిగిపడింది. కాలనీల్లోకి పడవలు దించాల్సి వచ్చింది. నీళ్లు కంపెనీ కాగితం చదువుకుని రాలేదు మరి. అప్పటి నుంచి వాన పడితే చాలు, థార్ యజమాని అండర్‌పాస్ ముందు ఆగి నీటి లోతును కళ్లతో కొలుస్తాడు. వెనకాల డెలివరీ కుర్రాడు స్కూటీ మీద కాళ్లు పైకెత్తి దూసుకుపోతాడు. ఆ కుర్రాడికి మిల్లీమీటర్ల గొడవ లేదు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం 2023 జనవరి. కొత్త డీజిల్ ఇంజన్‌తో కొత్త థార్ వచ్చింది. ఇంజన్ 1.5 లీటర్లు, 117 హార్స్‌పవర్, ధర 9.99 లక్షల నుంచి. జనం క్యూ కట్టారు. ఈ ఇంజన్ 2.2 నుంచి 1.5కి ఎందుకు కుంచించుకుపోయింది? కొండ ఎక్కడానికి తేలిక కోసమా? ఇసుకలో కూరుకుపోకుండానా? అవేవీ కావు. మన పన్నుల చట్టంలో చిన్న కారు అనిపించుకోవాలంటే పొడవు నాలుగు మీటర్లు, డీజిల్ ఇంజన్ 1500 సీసీ దాటకూడదు. బండి పొడవు 3985 మిల్లీమీటర్లు, ముందే సిద్ధంగా ఉంది. ఇంజన్ ఒక్కటే లావుగా ఉంది, దాన్ని చిక్కించారు. అడవిలో ఏ చెట్టు కిందా దూరాల్సిన అవసరం పడని బండి, ఆర్థిక శాఖ గుమ్మం కింద మాత్రం తల వంచి దూరింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ గుమ్మానికి ఇటు వైపు జీఎస్టీ 18 శాతం, అటు వైపు 40 శాతం. ఇంత తేడా ఉంటే ఎవరెస్టయినా నాలుగు మీటర్లకు కుంగుతుంది.

చిక్కింది ఇంజన్ ఒక్కటే అయితే బాగుండేది. ఆ రకంలో ముందు చక్రాలకు శక్తి కూడా తీసేశారు. ఇంజన్ తిప్పేది వెనక చక్రాలను మాత్రమే. అంటే అది చూడటానికి జీపు, ఎత్తుకు జీపు, గర్వానికి జీపు. బురదలో మాత్రం ఆటో కన్నా ఒక చక్రం ఎక్కువ.

ఇది చదివి పాతవాళ్లు విజిల్ వేస్తున్నారని తెలుసు. ఆగండి. మీ పాత డీఐ థార్ కూడా వెనక చక్రాల రకంలో వచ్చింది. అంతకు ముందు రోడ్లన్నీ ఏలిన కమాండర్ జీపుల్లోనూ బోలెడన్ని రెండు చక్రాల శక్తివే. ఎన్నికల్లో మైకు కట్టుకుని తిరిగినవీ, పెళ్లిళ్లకు పదిహేను మందిని మోసినవీ చాలావరకు అవే. (సినిమాల్లో ఫ్యాక్షనిస్టులు జీపు వదిలి సుమోలకు మారడానికి కారణం ఇంజన్ బలం కాదని నా అభిప్రాయం. సుమో అయితే డోర్లు నాలుగూ ఒకేసారి తెరుచుకుంటాయి.)

పాత ఇంజన్ మహిమను చివరికి గుర్తించింది ఎవరో తెలుసా? అమెరికా. 2018లో రాక్సర్ పేరుతో మహీంద్రా వారు ఆ పాత జీపునే, 62 హార్స్‌పవర్ 2.5 లీటర్ల టర్బో డీజిల్‌తో, మిషిగన్‌లో తయారుచేసి అమ్మారు. అయితే అది రోడ్డు మీద తిరిగే వాహనం కాదు. పొలాల్లో, అడ్డదారుల్లో తిరిగే బండిగానే అమ్మారు. అక్కడ రోడ్డెక్కనివ్వని దాన్ని ఇక్కడ రోడ్డు దిగనివ్వం. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగు ఇంజనీర్లకు ఇందులోని హాస్యం అందే ఉంటుంది.

కొత్తవాళ్లకు ఇంకాస్త ఉప్పు చల్లుదాం. 2024 ఆగస్టులో అయిదు డోర్ల థార్ రాక్స్ వచ్చింది. 2.2 డీజిల్‌లోనే పై రకం 370 న్యూటన్ మీటర్ల దాకా లాగుతుంది. భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో అయిదు నక్షత్రాలు. ఇవన్నీ మంచివే, మనుషుల ప్రాణాలు కాపాడేవి, వెక్కిరించను. కానీ ఖరీదైన రకాల్లో పైకప్పు నిండా అద్దాల సన్‌రూఫ్ పెట్టారు. గుడ్డ కప్పు ముడిచి అవతల పారేసే బండితో మొదలైన వంశం, గట్టి కప్పు వేసి, దానికి కిటికీ పెట్టి, ఆ కిటికీకి తెర పెట్టి, తెర మూసి ఏసీ వేసుకునే స్థాయికి ఎదిగింది.

ఇక నిజంగా కొండ ఎక్కే బండి ఎక్కడుంది? బొర్రా గుహల దగ్గర కటికి జలపాతానికి వెళ్లే దారిలో ఉంది. దారి అనేది మర్యాదకు అన్న మాట. ఒక రాయి, ఒక గొయ్యి, గొయ్యిలో ఇంకో రాయి. అక్కడ అద్దెకు పాత జీపులుంటాయి. సీట్లకు గోనెసంచులు, హ్యాండ్‌బ్రేక్‌కు బదులు చక్రం కింద రాయి. నేను అక్కడున్న రోజున ఒక పెద్దమనిషి తళతళలాడే కొత్త థార్‌లో కుటుంబంతో వచ్చాడు. నాలుగు చక్రాల శక్తి ఉన్న బండి, చక్రాలు కూడా లావువి మార్పించుకున్నాడు. దారి చూశాడు. బండి చూసుకున్నాడు. చెట్టు నీడలో జాగ్రత్తగా పార్క్ చేసి, అద్దాలు లోపలికి మడిచి, పాత జీపు బేరమాడాడు. అడిగితే, "పెయింట్ పోతుందండీ" అన్నాడు.

జీపు డ్రైవర్‌ను అడిగాను, పాత ఇంజన్ మంచిదా కొత్తదా అని. "ఏ ఇంజనైతే ఏటి బాబూ. ఇది మొండికేస్తే నేనే ఇప్పుకుంటాను, నేనే బిగించుకుంటాను. అది మొండికేస్తే వైజాగ్ నుంచి మనిషి రావాల, ఆ మనిషి కూడా కంప్యూటర్ రావాల. ఈలోపు నా సీజను పోద్ది" అన్నాడు. ఇదిగో, పాతవాళ్లకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనుకుంటూ, "అయితే కొత్తది ఊరికే ఇచ్చినా వద్దంటావా?" అన్నాను. నా వైపు జాలిగా చూశాడు. "ఎందుకొద్దంటాను బాబూ? ఏసీ ఉంటది కదా."

పాత ఇంజన్ మీద ప్రేమ ఆ డ్రైవర్‌కు లేదు, దాన్ని రిపేరు చేసుకోగలనన్న ధీమా ఉంది. కొత్త ఇంజన్ మీద ద్వేషమూ లేదు. దాన్ని బాగుచేసే మనిషి ఆ చుట్టుపక్కల లేడు, దాని వాయిదాలు కట్టే ఆదాయం ఆ రాళ్లలో లేదు. పాడేరు, అరకు వైపు సంతరోజున కిక్కిరిసి వెళ్లే జీపుల లెక్క ఇదే. ఏజెన్సీలో సర్వీస్ సెంటర్లు పెట్టండి, మెకానిక్ కుర్రాళ్ల చేతికి ఆ ల్యాప్‌టాప్ ఇచ్చి నేర్పండి, పాత ఇంజన్ అక్కడి నుంచి తనంతట తనే సెలవు తీసుకుంటుంది. అది మాత్రం ఎవరూ వాదించరు, ఎందుకంటే అందులో రీల్ రాదు.

నగరంలో ఉన్న రెండు వర్గాల వారికీ ఒక మనవి. పాత బండివారు ఏడాదికోసారి పంపు కాలిబ్రేషన్ చేయించండి, నాజిల్స్ చూపించండి. ఆ నల్ల పొగలో చాలా భాగం ఇంజన్ పౌరుషం కాదు, యజమాని బద్ధకం. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు వేలకు వేలు కడుతున్నారు కదా, అందులో సగం ప్రేమ నాజిల్స్ మీద చూపినా చాలు. కొత్త బండివారు మాన్యువల్‌లో డీపీఎఫ్ పేజీ ఒక్కటి చదవండి, సన్‌రూఫ్ పేజీ ఎలాగూ చదివేశారు. ఆ పైన ఎంతసేపైనా వాదించుకోండి, కాదనం. ఇంజన్లు ఆపి వాదించుకోండి. పాతవాళ్లు నాబ్ లాగండి, కొత్తవాళ్లు తాళం తిప్పండి. గంటసేపు ఊరికే ఆన్‌లో ఉంచితే కొత్తదాని మసి దాని వడపోతలో పేరుకుంటుంది. పాతదాని మసి మా వంటింట్లోకి వస్తుంది.